స్టాక్‌హోమ్ మంచులో యుమ్మాతో ఆరు రోజులు

యుమ్మా పోయిందన్న కబురు ఫాతిమా గొంతులోనే విన్నాను. రాయచోటిలో మా కుట్టు దుకాణంలో కూర్చుని ఎవరిదో పెళ్లి రవికకు చేతులు అతుకుతున్నాను. ఫోను మోగింది. "మహబూబా, యుమ్మా తెల్లవారి నమాజు చదువుకుని పడుకుంది. మళ్లీ లేవలేదు" అని అబూధాబి నుంచి మాట రికార్డు చేసి పంపింది ఆ పిల్ల. పిల్ల అంటున్నాను గాని, ఇప్పుడు తనకే ఇద్దరు పిల్లలు. అరబ్బీ నా నోట్లో తిరిగి ఏళ్లయింది, చెవిలో మాత్రం ఒక్క ముక్కా పోలేదు. మిషను మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చాను. రవిక తాలూకు ఆమె వచ్చి "ఎవురు పోయినారు మాబూబక్కా?" అంటే ఏమని చెప్పాలో తెలియలేదు. పని చేసిన ఇంటి ముసలామె అంటే అంతేనా అనిపిస్తుంది, అమ్మ అంటే అబద్ధమవుతుంది. చివరికి "నాకు కావాల్సినామె" అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు, రవిక మాత్రం రేపటికల్లా కావాలంది.

అబూధాబి దగ్గర బనియాస్‌లో, వాళ్లింట్లో నేను ఐదేళ్లున్నాను. ఇంటి యజమాని, అంటే మా కఫీల్, సాలెం. ఆయన్ని మేం బాబా అనేవాళ్లం. ఆయన భార్య మదామ్. వాళ్ల చిన్నకూతురు ఫాతిమా. బాబా తల్లి యుమ్మా. ఇంట్లోవాళ్లంతా అలాగే పిలుస్తారు, నాకూ అదే అలవాటైంది. నా పనంతా ఆమె చుట్టూనే. తెల్లవారుజామున ఆమె దగ్గు వినపడగానే లేవాలి. కాఫీ గింజలు బంగారు రంగు దాటకుండా వేయించి, యాలకులతో కలిపి రోట్లో దంచి, మూతికి ముక్కున్న ఇత్తడి పాత్రలో కాచి, ఖర్జూరాల పళ్లెంతో ముందు పెట్టాలి. ముందు వాసన చూసేది. యాలకులు తక్కువైతే తిట్టేది కాదు, గిన్నె కింద పెట్టి కిటికీలోంచి చూసేది. నాకు అదే పెద్ద తిట్టు. బాగుంటే మూడు గిన్నెలు తాగి, చాలన్నట్టు గిన్నెను అటూ ఇటూ ఊపేది. పాతకాలపు ఆడవాళ్లలా కనుబొమలనూ ముక్కునూ కప్పే నీలిబట్ట ముసుగు కట్టుకునేది. ఎన్నిసార్లు కడిగినా ఆ నీలి రంగు ఆమె ముక్కు మీద నుంచి పోయేది కాదు. మధ్యాహ్నం బట్టలకు ఊదు పొగ పట్టించాక కాళ్లు చాపుకునేది, నేను పిసికేదాన్ని. చిన్నప్పుడు ఒంటెల వెనకాల ఇసుకలో నడిచిన కాళ్లవి. అరికాళ్లు చెప్పు తోలంత గట్టివి. ఈతాకుల గుడిసెలో కరెంటు లేకుండా పెరిగిన సంగతులు చెప్పేది. ఇంట్లో గదికో ఏసీ ఉండేది, ఆమె గదిది మాత్రం ఎప్పుడూ ఆపే ఉండేది.

నేను ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, అక్కడికి పోయినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మా ఆయన లారీ మీద నుంచి బస్తాలు దించుతూ పడి నడుము పోయి మంచాన పడ్డాడు. దుబాయ్ పోయినవాళ్లు, కువైట్ పోయినవాళ్లు వీధికి పదిమంది ఉండే ఊరు మాది, నేనేమీ కొత్త దారి తొక్కలేదు. ఏజెంటు ఒక్క మాట చెప్పినాడు. "చంటిబిడ్డ ఉందంటే ఎవురూ తీసుకోరు మా. పిల్లల్లేరని రాసేస్తాండా. ఆడ నువ్వు గూడా అదే చెప్పల్ల." మా పాప షమీమ్‌కు అప్పుడు పదకొండు నెలలు. పాలు మాన్పించి మా అక్క రమీజా చేతిలో పెట్టి, కాగితంలో ఎలా రాశారో అలాగే పిల్లల్లేని దాన్నయి విమానమెక్కాను. మొదటి పది రోజులు రొమ్ములు గడ్డకట్టి, స్నానాల గదిలో తలుపేసుకుని పాలు పిండి నీళ్లలో వదిలేదాన్ని. బయటికొచ్చి నవ్వు మొహం పెట్టేదాన్ని. నాకు ముందున్నామె ఏదో అబద్ధం చెప్పిందని మదామ్ వారం తిరక్కుండా వెనక్కి పంపేసిందని వచ్చిన రోజే విన్నాను. నన్నూ పంపేస్తే మంచం మీదున్న మనిషికి మందులెక్కడివి? ఆ భయంతో మూడేళ్లు నోరు కుట్టుకున్నాను. నిజం తెలిసింది ఇంటి డ్రైవరు సాయన్నకొక్కడికే. జగిత్యాల మనిషి, తెలుగులో మాట్లాడుకోడానికి నాకు దొరికిన ఒకే ఒక్క తోడు.

మూడో ఏడు చలికాలం బడి సెలవుల్లో బాబాకు ఆఫీసు పని మీద స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌కు పోవాల్సి వచ్చింది. మదామ్, ఫాతిమా కూడా బయల్దేరారు. టీవీలో మంచు చూసి చూసి యుమ్మా "చచ్చేలోగా దాన్ని ఒకసారి చేత్తో ముట్టుకుంటాను" అని పట్టుబట్టింది. యుమ్మా కదిలితే కాఫీ కదలాలి, కాఫీ కదిలితే నేను కదలాలి. అలా రాయచోటి మాబూబీకి స్టాక్‌హోమ్ వీసా వచ్చింది. విమానాశ్రయానికి దింపుతూ సాయన్న సామాన్లు ఎత్తే వంకతో నా పక్కకొచ్చాడు. "అక్కా, గాడ మస్తు చలి ఉంటదంట. కోటు గుండీలు మంచిగ పెట్టుకో. ఆరు దినాలు ఒక్కతాన ఉంటరు, బిడ్డ ముచ్చట నోట్లకెల్లి రానియ్యకు. మదామ్ ఇన్నదంటె ఖలాస్" అన్నాడు. నేను "నాకు తెలుసులేబ్బా" అని కసురుకున్నాను.

ఆ ఊరిని తలచుకుంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది నిశ్శబ్దం. మంచు పడుతుంటే ఊరంతా పక్కింట్లో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు మెల్లగా మసలుతుంది. నీళ్ల మధ్య దీవులు, దీవుల మధ్య వంతెనలు. నీళ్లు పైన గడ్డకట్టి ఉంటే పడవలు వాటిని చీల్చుకుంటూ పోతున్నాయి. ప్రతి కిటికీలో ఒక దీపం. బయట పోయేవాళ్లకు వెలుగు కనపడాలని పెడతారట. అంత చీకట్లో బతికేవాళ్లు వెలుగును పక్కవాడితో పంచుకోవడం నాకు మహా నచ్చింది. మూడింటికల్లా పొద్దు గుంకేది. యుమ్మా మధ్యాహ్నం జుహర్ నమాజు చదివి జానమాజు చాప మడిచేలోగా అసర్, అది అయీ కాకముందే పొద్దుగుంకే వేళ మగ్రిబ్. "వీళ్ల దేవుడికి రోజులు చిన్నవిచ్చాడు, ఓపిక పెద్దదిచ్చాడు" అనేది. ఆమె అరబ్బీలో అన్నవి నేనిక్కడ మన మాటలో రాస్తున్నాను. మొదటి రోజే గుప్పెడు మంచు తీసుకుని నాలుక మీద పెట్టుకుని, "ఉప్పు లేదే" అని నావైపు ఆశ్చర్యంగా చూసింది. ఆమె ఎరిగిన తెల్లటి నేల ఉప్పునేలే మరి. ముసలామె ఎక్కడానికి వీలుగా బస్సే ఒక పక్కకు ఒరిగి కిందికి వంగింది. ఆమె కూర్చునేదాకా డ్రైవరు కదలలేదు. కోటు వేసుకున్న మగవాడొకడు చంటిబిడ్డ బండి తోసుకుంటూ పోతుంటే "పాపం, భార్య పోయినట్టుంది" అని యుమ్మా చేతులెత్తి దేవుడికి దువా చేసింది. ఇంకో వీధిలో ఇంకో ఇద్దరు మగవాళ్లు అలాగే తోసుకుపోతుంటే ఈసారి దువా చేయలేదు, వెనక్కి తిరిగి బాబాను ఎగాదిగా చూసింది. బాబా తల దించుకుని నవ్వాడు.

అసలు సంగతి నాలుగో రోజు జరిగింది. బాబా పని మీద పోయాడు, మదామ్ బజారుకు పోయింది. యుమ్మా, నేను, తొమ్మిదేళ్ల ఫాతిమా మేం దిగిన ఇంటి చుట్టుపక్కల నడుస్తున్నాం. నడుస్తున్నామంటే, రెండు శాలువాల మీద బాబా కోటు వేసుకున్న యుమ్మా నా చెయ్యి పట్టుకుని అడుగులో అడుగు వేస్తోంది. ఒక వీధి మలుపులో ఆమె టక్కున ఆగి గాలి పీల్చింది. "హేల్" అంది. యాలకులు. నిజమే, ఆ ఊరివాళ్లు రొట్టెల్లో యాలకులు వేస్తారు. వాసన పట్టుకుని పోతే మూలమీద ఒక కాఫీ అంగడి. దాని ముందు గోడకానించి ఒక పిల్లల బండి ఉంది. దాని గొడుగు మీద మంచు పడుతోంది. వంగి చూస్తే లోపల బిడ్డ. ఆరేడు నెలలుంటాయేమో, బుగ్గలు ఎర్రగా కందిపోయి కళ్లు మూసుకుని ఉన్నాడు. చుట్టూ చూశాం. ఒక్క నరపురుగు లేదు.

 బిడ్డ నిద్రపోతున్నాడా, ఇంకేమన్నానా అని తెలియలేదు. యుమ్మా నా చెయ్యి వదిలి బిడ్డ వైపు వేలు చూపించింది. "షీలీ" అంది. ఎత్తు అని. నేను తటపటాయించాను. పరాయి దేశం, పరాయి బిడ్డ. "షీలీ, నా తల్లీ, చచ్చిపోతాడు" అని అరిచింది. ఐదేళ్లలో ఆమె అరవగా విన్నది ఆ ఒక్కసారే. ఎత్తేశాను. బిడ్డ కెవ్వుమన్నాడు. చేతులకు తెలిసిన పని కదా, వాటంతటవే వాడిని భుజానికెత్తుకున్నాయి, ఒక చెయ్యి వీపు మీద తడుతోంది, నడుము ఊగుతోంది, నోరు "జో జో, నా బంగారు, జో" అంటోంది. రెండు నిమిషాల్లో వాడు నా మెడలో మొహం దాచుకుని ఊరుకున్నాడు. ఆ పాల వాసన మూడేళ్ల తర్వాత తగిలింది నాకు. అలాగే ఎత్తుకుని తలుపు తోసుకుని అంగట్లోకి పోయాను.

లోపలున్న వాళ్లంతా తిరిగి చూశారు. కిటికీ పక్కనుంచి పొడవాటి ఒకామె కుర్చీ పడిపోయేట్టు లేచి పరిగెత్తుకొచ్చి బిడ్డను నా దగ్గర్నుంచి లాక్కుంది. మొహం తెల్లగా పాలిపోయింది. గట్టిగా ఏదో అడుగుతోంది. అంగడి మనిషి ఫోను చేతిలోకి తీసుకున్నాడు.  నల్లబట్టలు, ముసుగు, పరాయి బిడ్డ. పోలీసులొస్తారు, బాబాకు చెప్తారు, నా పని అయిపోయిందనుకున్నాను. ఫాతిమా ఏడుస్తూనే ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడు యుమ్మా నన్ను వెనక్కి నెట్టి ముందుకొచ్చి నిలబడింది. "ఆమెనేమీ అనొద్దని చెప్పు. నేను ఎత్తమన్నాను. తప్పు నాది" అంది. ఫాతిమా చెప్పింది. "ఎందుకంటే," అని యుమ్మా ఆగింది. "ఎందుకంటే నా మొదటి బిడ్డ చలికి పోయాడు. వాన రాత్రి, గుడిసె తడిసింది, దుప్పటి తడిసింది. తెల్లారేసరికి నా ఒళ్లోనే చల్లబడ్డాడు. వీడికీ అట్లాగే ఎర్రబడ్డాయి బుగ్గలు." ఫాతిమా నోరు తెరుచుకుని నానమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ సంగతి వాళ్లెవరికీ తెలియదు. బాబాకు కూడా తెలియదు.

ఫాతిమా ముక్కలు ముక్కలుగా చెప్పింది. బిడ్డ తల్లి మొహంలో కోపం పోవడం నేను కళ్లారా చూశాను. అంగడి మనిషికి చెయ్యి ఊపి ఫోను పెట్టేయమంది. బిడ్డను చంకనేసుకుని, ఇంకో చేత్తో యుమ్మా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. ఆ ముడతల చేతిని బండిలో గొర్రె ఉన్ని పరుపు మీద, దుప్పటి కిందికి దూర్చింది. యుమ్మా చెయ్యి అలాగే ఉంచి, "దాఫీ" అంది. వెచ్చగా ఉంది. నన్నూ పెట్టి చూడమంది. అప్పుడే దించిన అన్నం గిన్నె మీద చెయ్యి పెట్టినట్టుంది. ఆ దేశంలో పిల్లల్ని అలా బయట గాలిలో పడుకోబెట్టడం ఆచారమట, బాగా నిద్రపోతారట, తననూ తన అమ్మ అలాగే పడుకోబెట్టిందట. ఎవరన్నా ఎత్తుకుపోతారేమోనని భయం లేదా అని యుమ్మా అడిగించింది. "మీరొచ్చేదాకా లేదు" అందామె. అని, తనే ముందు నవ్వింది. ఆమె మమ్మల్ని ముగ్గుర్నీ లోపలికి తీసుకుపోయి తన పక్కనే కూర్చోబెట్టుకుని యాలకుల రొట్టెలు తెప్పించింది. బిడ్డను మళ్లీ బండిలో పడుకోబెట్టింది. ఆమె కూర్చున్న చోటు నుంచి అద్దంలోంచి బండి కనపడుతుంది. గుక్కకొకసారి అటు చూస్తోంది. నేను దొంగననుకోడానికి హక్కున్న మనిషి నా ముందుకు పళ్లెం జరుపుతుంటే, నాకు ఆ ఊరికే దణ్ణం పెట్టాలనిపించింది.

యుమ్మా రొట్టె ముట్టలేదు. నన్నే చూస్తోంది. "నీ చేతిలో ఎందుకు ఊరుకున్నాడు?" అంది. నేను రొట్టె తుంచుతూ కూర్చున్నాను. "బిడ్డను కననివాళ్లు ఎత్తుకుంటే ఇంకోలా ఉంటుంది. నేను ఏడుగుర్ని కన్నాను, మహబూబా. ఎవరడిగినా ఆరుగురనే చెప్తాను. నువ్వెంతమందిని కన్నావు?" సాయన్న చెప్పిన మాట చెవిలో ఉంది. అయినా నోరు ఆగలేదు. "ఒక పాప, యుమ్మా. నాలుగేళ్లు." "వదిలొచ్చినప్పుడు?" "పదకొండు నెలలు." ఆమె చాలాసేపు బయట బండినే చూసింది. "ఈమె బిడ్డను చలిలో వదిలిందని తిట్టుకున్నాను. అద్దానికివతల కూర్చుని చూసుకుంటోంది. నువ్వెక్కడ కూర్చున్నావే, తల్లీ" అంది. అందులో కోపమేమీ లేదు. నేను ఆ కాఫీ అంగట్లో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. స్వీడన్ ఆమె తన గుడ్డ రుమాలు ఇచ్చింది, ఎందుకని అడగలేదు.

సాయంత్రం ఫాతిమా తల్లిదండ్రులకు అంతా చెప్పేసింది. పిల్లలు దాచరు. మదామ్ మొహం గట్టిపడింది. "మూడేళ్లు అబద్ధం చెప్పింది. తిరిగిపోగానే వీసా రద్దు చేయించండి" అంది బాబాతో, నా ముందే. నేను వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. యుమ్మా కాఫీ గిన్నె కింద పెట్టింది. "అబద్ధం కాగితం చెప్పింది. మూడేళ్లు నా కాళ్లు పిసికింది ఈ పిల్ల. నీకెవరున్నారే అని ఈ ఇంట్లో ఒక్కరం, ఒక్కరోజన్నా అడిగామా?" అంది.  మదామ్ చెడ్డ మనిషి కాదు, కాసేపటికి నా దగ్గరికొచ్చి "ఫొటో ఉందా?" అంది. పెట్టె అడుగున లంగాల మడతలో ఉంది. తెచ్చి చూపించాను. వీసా రద్దు మాట మళ్లీ రాలేదు. తిరిగొచ్చిన వారానికి, రెండు నెలల సెలవు ఇచ్చి నన్ను ఇంటికి పంపారు.

ఇప్పుడు మా వీధి నుంచి దుబాయ్ పోయే ఆడవాళ్లను చూస్తే అసూయా కలుగుతుంది, జాలీ కలుగుతుంది. పొద్దునా సాయంత్రం ఫోనులో బిడ్డ మొహం చూస్తారు, అన్నం తిన్నావా అంటారు, అక్కడినుంచే కసురుతారు. నాకు పదిహేను రోజులకొకసారి అంగడి ఫోనులో రెండు నిమిషాలు, అందులో సగం మా అక్క "మాట్లాడు, అమ్మ" అని బతిమాలడంతోనే పోయేది. అవతల ఊపిరి మాత్రం వినపడేది. ఇప్పుడు మా షమీమ్ కడపలో నర్సు, రోజూ బస్సులో పోయొస్తుంది. డ్యూటీకి పోతూ కొడుకును నా దగ్గర వదిలి, చొక్కా మార్చలేదనీ నీళ్లు తాగించలేదనీ సాయంత్రం నామీద నోరు చేసుకుంటుంది. చేసుకోనీ. నాకు ఆ అరుపులు వినడం ఇష్టం.

ఆ మొదటి సెలవులో నేను ఇంటికి పోయినప్పుడు షమీమ్ మా అక్క కొంగు వెనక నుంచి నన్ను చూసింది. రెండు నెలలూ నాతో మర్యాదగా ఉంది, ఇంటికొచ్చిన చుట్టంతో ఉన్నట్టు. పెట్టింది తిన్నది, పిలిస్తే వచ్చింది. నేను బయల్దేరే రోజు చెయ్యి ఊపి ఆడుకోడానికి పోయింది. బనియాస్‌లో కాఫీ పెట్టి యుమ్మా ముందు కూర్చోగానే ఆమె అడిగింది ఒక్కటే. "నువ్వొస్తుంటే ఏడ్చిందా?" "లేదు, యుమ్మా" అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయితే నువ్వింకా ఇంటికి చేరలేదు" అంది. మరుసటి ఏడు తనే బాబాతో చెప్పి మూడు నెలలు పంపింది. అప్పుడూ షమీమ్ ఏడవలేదు. గడపలో నిలబడి నేను వీధి మలుపు తిరిగేదాకా చూసింది. తిరిగొచ్చి అది చెప్తే యుమ్మా తల ఊపి, "వస్తోంది" అంది. ఆ పై ఏడు మళ్లీ పంపింది. అప్పటికి మా ఆయన లేచి కూర్చుని, ఇంటి ముందు చిన్న అంగడి చూసుకుంటున్నాడు. సెలవు అయిపోయి మద్రాసు బస్సెక్కడానికి రాయచోటి బస్టాండుకు వచ్చాం. నేను మెట్టు మీద కాలు పెట్టాను. అప్పుడు షమీమ్ మా అక్క చెయ్యి విడిపించుకుని ఉరికొచ్చి రెండు చేతులతో నా చీర పట్టుకుని "నువ్వు పోవద్దుమా" అని బస్టాండంతా వినపడేట్టు ఏడ్చింది. కండక్టరు "ఎక్కుతావా లేదామ్మా" అన్నాడు. సామాను కిందికి దించమన్నాను. బిడ్డను చంకనేసుకుని ఎదురుగా ఉన్న ఫోను బూత్‌లోకి పోయి బనియాస్‌కు కలిపించాను. యుమ్మానే ఎత్తింది. "ఏడ్చింది, యుమ్మా" అన్నాను.  "అల్‌హమ్దులిల్లా" అని దేవుణ్ణి తలచుకుంది. "ఇంక నువ్వు రావద్దు."